మారే పనికి సరిపోయే ఆఫీసు బిల్డింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

గచ్చిబౌలి, కోకాపేట వైపు స్థలం ఉండి ఆఫీసు బిల్డింగ్ కట్టాలనుకునేవాళ్లు, ఫ్లోర్ అద్దెకు తీసుకుని లోపల పని చేయించుకునే కంపెనీల అడ్మిన్ వాళ్లు, అప్పుడప్పుడు కొత్తగా ఈ లైన్లోకి వచ్చిన ఆర్కిటెక్టులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. ప్రతిసారీ ఫోన్లో గంట సేపు చెప్పలేక ఒకచోట రాసి పెట్టాను. ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్‌వే, నేను పని చేసేది ఇక్కడే కాబట్టి.

ఫ్లెక్సిబుల్ ఆఫీసు అంటే చక్రాల బల్లలు, జరిపే గోడలేనా?

బ్రోచర్లలో అవే కనిపిస్తాయి. నిజానికి జరిపే గోడల్ని ఎవరూ జరపరు. మేం చేసిన ఒక ఆఫీసులో మూడు మీటింగ్ రూముల్ని కలిపి పెద్ద హాలు చేసుకునేలా మడత పార్టిషన్ పెట్టించుకున్నారు, దానికి పైన స్టీలు బీము, పట్టాలు, అదో పెద్ద ఖర్చు. రెండేళ్ల తర్వాత ఏదో పని మీద వెళ్తే ఆ పార్టిషన్‌కి ఆనించి ప్రింటరూ కాగితాల బీరువా ఉన్నాయి. తాళం ఎవరి దగ్గరుందో కూడా తెలీదన్నారు. చక్రాల బల్లల సంగతీ అంతే. బల్లకు చక్రాలుంటాయి గానీ కరెంటు వైరూ నెట్ కేబులూ నేలలోని బాక్సుకు కట్టేసి ఉంటాయి, గుంజకు కట్టిన గేదెలా తాడు పొడవున్నంత వరకే అది తిరిగేది.

ఫర్నిచర్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, డబ్బు పెడితే ఒక వారం పని. బిల్డింగ్ నిజంగా మారగలదా లేదా అన్నది కాంక్రీటు పోసే ముందే తేలిపోతుంది. స్తంభాలు, ఫ్లోర్ ఎత్తు, మెట్లు, షాఫ్టులు (పైపులూ కేబుళ్లూ ఫ్లోరు నుంచి ఫ్లోరుకు వెళ్లే నిలువు సందులు), బాత్రూముల పైపులు, వీటిని తర్వాత ముట్టుకోలేం. మళ్లీ వెనక్కి వచ్చి సరిచేసుకోలేని చోట కాస్త ఎక్కువ వదలాలి, సరిచేసుకోగలిగిన చోట పొదుపు చేయాలి. జనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తున్నారు.

అంటే ఏది ఎన్నాళ్లు ఉంటుందో ముందే అనుకోవాలా?

అవును. బ్రిటిష్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ డఫీ ఈ లెక్కను బాగా చెప్పాడు: బిల్డింగ్ అనేది ఒకటే వస్తువు కాదు, వేర్వేరు ఆయుష్షులున్న పొరలు. కాంక్రీటు చట్రం యాభై ఏళ్లు, అంతకంటే ఎక్కువే నిలుస్తుంది. ఏసీ, కరెంటు, లిఫ్టుల్లాంటివి పదిహేనేళ్ల దగ్గర్లో మార్చాల్సి వస్తుంది. పార్టిషన్లు, సీలింగు ఐదారేళ్లు. బల్లలూ కుర్చీలైతే ఏ నెలకానెల అటూ ఇటూ అవుతుంటాయి.

ఇక్కడ చూడాల్సింది ఒకటుంది. త్వరగా పాడయ్యే పొరను ఎక్కువకాలం ఉండే పొరలో పాతిపెట్టకూడదు. స్లాబులో కండ్యూట్ (వైర్లు వెళ్లే గొట్టం) వేసి పోసేయడం, ఇటుక గోడను గాడి కొట్టి పైపు పెట్టి ప్లాస్టర్ చేయడం ఇళ్లలో అలవాటైపోయిన పద్ధతి. ఆఫీసులో అదే చేస్తే పదిహేనేళ్ల వస్తువు కోసం యాభై ఏళ్ల వస్తువును పగలగొట్టాలి.

స్తంభాల మధ్య ఎంత దూరం పెట్టాలి?

మన దగ్గర ఎక్కువగా కనిపించేది 8.4 మీటర్లు. ఇది ఆఫీసు చూసి వచ్చిన అంకె కాదండీ, కింద పార్కింగ్ చూసి వచ్చింది. 2.5 మీటర్ల చొప్పున మూడు కార్లు, 7.5 మీటర్లు, మిగిలింది స్తంభానికి. పైన నడిచే కంపెనీల తలరాతను కింద కార్లు రాస్తున్నాయన్నమాట. అయినా 8.4 చెడ్డదేం కాదు. 9 మీటర్లు పెడితే 1.5 మీటర్ల చొప్పున ఆరు భాగాలు సరిగ్గా వస్తాయి. ఈ 1.5కి ఒక విలువ ఉంది: అద్దాల గోడలో నిలువు ఫ్రేములు కూడా అదే దూరంలో పెడితే, మూడు మీటర్ల క్యాబిన్‌కి పార్టిషన్ ఎక్కడ వచ్చినా ఫ్రేముకే తగులుతుంది. లేకపోతే గోడ వచ్చి అద్దం మధ్యలో ఆగుతుంది, ఆ సందులో థర్మోకోల్ ముక్క, దాని మీద సిలికాన్, పక్క రూములో మాటలన్నీ ఈ రూములో. ఇలాంటివి ఎన్ని చూశానో.

11, 12 మీటర్లకు వెళ్లొచ్చు, పోస్ట్ టెన్షన్ బీములతో (లోపల స్టీలు తీగల్ని లాగి బిగించేవి) బాగానే వస్తుంది. కానీ పోస్ట్ టెన్షన్‌తో ఒక చిక్కుంది, కింద చెప్తాను.

ఫ్లోర్ ఎత్తు 3.6 మీటర్లు చాలదా? బిల్డర్ చాలంటున్నాడు.

మీరే లెక్క వేసుకోండి. 4.2 మీటర్ల ఎత్తులో బీముకు 600 మిల్లీమీటర్లు, ఏసీ గాలి వెళ్లే డక్టుకు 450, మంటలార్పే స్ప్రింక్లర్ పైపూ లైట్లూ సీలింగూ కలిపి 200, నేల మీద కేబుళ్ల కోసం లేపిన ఫ్లోరుకు 150 తీసేస్తే 2.8 మీటర్లు మిగులుతుంది. నిలబడితే హాయిగా ఉంటుంది. అదే లెక్క 3.6కి వేస్తే మిగిలేది 2.2. ఫ్యాను పెట్టడానికి కూడా భయపడే ఎత్తు. కాబట్టి 3.6 కట్టినవాళ్లు లేపిన ఫ్లోరు వదిలేస్తారు, డక్టును బీముల మధ్య ఇరికిస్తారు, అలా ఇరికించిన డక్టును తర్వాత ఎవరూ పక్కకు జరపలేరు.

బిల్డర్ వైపు కూడా న్యాయం ఉంది, అది కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో 2006 నుంచి కట్టుబడి విస్తీర్ణానికి నేరుగా పరిమితి లేదు, రోడ్డు వెడల్పూ చుట్టూ వదలాల్సిన ఖాళీలూ బట్టి ఎత్తు తేలుతుంది. ఎత్తు పెరిగే కొద్దీ చుట్టూ ఎక్కువ వదలాలి. ఫ్లోరుకు 600 మిల్లీమీటర్లు పెంచితే పది ఫ్లోర్లకు ఆరు మీటర్లు, అంటే అదే ఎత్తులో ఒకటిన్నర ఫ్లోరు పోయినట్టే. అద్దె లెక్క వేసేవాడికి అది ఊరికే పోయే విషయం కాదు. నా మాట అడిగితే 3.9 దగ్గర రాజీ పడండి, బీము లోతు తగ్గించండి, డక్టును కోర్ (లిఫ్టులూ మెట్లూ షాఫ్టులూ ఉండే భాగం) చుట్టూనే పెద్దగా ఉంచి బయటికి వచ్చేకొద్దీ సన్నబరచండి. 3.6కి మాత్రం దిగకండి.

ఎంత పెద్ద ఫ్లోరైతే అంత మంచిది కదా, ఎవరొచ్చినా సరిపోతుంది?

ఒక పెద్ద కంపెనీ మొత్తం తీసుకున్నంతకాలం బాగానే ఉంటుంది. అది ఖాళీ చేశాక, ఆ అరవై వేల చదరపు అడుగుల ఫ్లోరును నలుగురికి పంచాలంటే అప్పుడు తెలుస్తుంది. కారిడార్ ఎక్కడ తీయాలి, ఎవరి ఆఫీసులోంచి ఎవరు మెట్లకు వెళ్లాలి, కరెంటు మీటరు ఎలా విడగొట్టాలి, రాత్రి పది తర్వాత ఒక్కడే పని చేస్తుంటే ఫ్లోరంతా ఏసీ నడపాలా?

1998 నవంబర్‌లో వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్‌ను ఒకసారి ఈ కళ్లతో చూడండి. గుండ్రటి బిల్డింగ్, మధ్యలో ఖాళీ, నాలుగు భాగాలుగా విడిపోయే ప్లాన్. ఆ గుండ్రటి అంచులో సూటి బల్లలు పెట్టడం ఒక తలనొప్పి అనుకోండి, కానీ పెద్దా చిన్నా కంపెనీలు విడివిడిగా సర్దుకోవడానికి ఆ నాలుగు ముక్కల ఆలోచన పనికొచ్చేది. తర్వాత వచ్చిన అద్దాల డబ్బాల్లో చాలావాటికి ఆ తెలివి లేదు.

ఇక వెలుతురు. కిటికీ పైఅంచు ఎత్తుకు సుమారు రెండున్నర రెట్ల దూరం వరకే పగటి వెలుగు పనికొస్తుందని మా లైన్లో ఒక మోటు లెక్క, అంటే ఏడు, ఏడున్నర మీటర్లు. కోర్ నుంచి అద్దం దాకా పన్నెండు, పదమూడు మీటర్లలో ఉంచితే ఆ ఫ్లోరు రేపు క్లినిక్కు, కోచింగ్ సెంటరుకు, హాస్టల్‌కు కూడా మారగలదు. ఇరవై ఐదు మీటర్ల లోతు పెడితే నడిమధ్యలో కూర్చున్నవాడికి బయట వాన పడుతోందో లేదో తెలీదు, అది ఆఫీసుగా తప్ప ఇంకెందుకూ పనికిరాదు.

ఇప్పుడు సీటుకు 100 చదరపు అడుగులు అనుకుంటున్నాం. తర్వాత ఎక్కువమందిని కూర్చోబెట్టుకోవచ్చా?

బల్లలు పడతాయి, మెట్లు పట్టవు. అసలు ప్రశ్న అది. జాతీయ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం ఆఫీసుల్లో మనిషికి 10 చదరపు మీటర్ల లెక్కన జనాన్ని లెక్కించి, మెట్ల వెడల్పు మనిషికి 10 మిల్లీమీటర్ల చొప్పున చూడాలి. యాభై వేల చదరపు అడుగుల ఫ్లోరు అంటే సుమారు 4,645 చదరపు మీటర్లు, 465 మంది, అన్ని మెట్లూ కలిపి 4.65 మీటర్ల వెడల్పు. ఇప్పుడు అదే ఫ్లోరులో మనిషికి 6 చదరపు మీటర్లే ఇచ్చి కాల్ సెంటర్ నడిపితే 774 మంది. వాళ్లకు 7.74 మీటర్ల మెట్లు కావాలి. కట్టేసిన బిల్డింగ్‌లో ఇంకో మూడు మీటర్ల మెట్లు ఎక్కడి నుంచి తెస్తారు?

బాత్రూములూ, తాజా గాలీ, లిఫ్టులూ అన్నీ ఇదే లెక్కలో కూలబడతాయి. బాత్రూముల్లో ఇంకో తంటా: ఆడవాళ్లు, మగవాళ్లు ఎంతమంది అన్నది కంపెనీని బట్టి మారుతుంది. నీళ్ల పైపులుండే ఒకే తడి గోడకు అటూ ఇటూ రెండు బ్లాకులూ పెట్టి, మధ్య విభజన గోడను తేలికైనదిగా కడితే రేపు రెండు టాయిలెట్లు ఇటు నుంచి అటు కలపొచ్చు. చిన్న విషయమే, ఎవరూ చేయరు. ఒక ఆఫీసులో కంపెనీ మారి ఆడవాళ్ల సంఖ్య పెరిగాక, మగవాళ్ల బాత్రూముకు ఫ్లోరు విడిచి ఫ్లోరు బోర్డు మార్చి నడిపారు, మగవాళ్లు మెట్లెక్కి దిగలేక అడ్మిన్ అమ్మాయిని తిట్టుకునేవాళ్లు, పాపం ఆమె ఏం చేస్తుంది.

రెండు ఫ్లోర్లు తీసుకున్నాం, లోపల నుంచే మెట్లు పెట్టుకోవచ్చా?

ఇదే పైన చెప్తానన్న చిక్కు. పోస్ట్ టెన్షన్ స్లాబులో గట్టిగా లాగి బిగించిన స్టీలు తీగలుంటాయి. వాటిని కోస్తే స్లాబు బలమే పోతుంది, కోసేవాడికి కూడా ప్రమాదం. చిన్న పైపు రంధ్రానికి కూడా ముందు స్కాన్ చేసి తీగ ఎక్కడుందో చూసుకోవాలి. కాబట్టి డిజైన్‌లోనే ప్రతి ఫ్లోరులో ఒకటి రెండు చోట్ల, ఒకదాని మీద ఒకటి వచ్చేలా, ఆ తీగలు పోనివ్వకుండా మామూలు స్టీలుతో ఒక గడిని వదలమనండి. రేపు మెట్లు కావాలంటే దాన్ని కోయొచ్చు. ఈ ఏర్పాటుకు ఖర్చు దాదాపు లేదు, గీత గీసేటప్పుడు గుర్తు రావడమే కావాలి. ఎక్కడ వదిలారో డ్రాయింగులో రాసి ఉంచడం ఇంకా ముఖ్యం.

బరువు సంగతి?

విడిగా స్టోరేజీ ఉన్న మామూలు ఆఫీసుకు మన ఐఎస్ 875 కోడ్ చదరపు మీటరుకు 2.5 కిలోన్యూటన్లు (ఒక కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోల బరువు) చాలంటుంది, స్టోరేజీ విడిగా లేకపోతే 4, ఫైళ్ల గదులకు 5. ఫ్లోరంతా 2.5 పెట్టి పొదుపు చేసిన బిల్డింగ్‌లో యూపీఎస్ బ్యాటరీలు, జిమ్, లైబ్రరీ ఎక్కడా పెట్టలేం. అంతా 5 పెట్టడమూ దండగే. 4 పెట్టి, కోర్ పక్క గడులకు 5 ఇవ్వండి.

ఏసీ ఎలా ఉంటే మార్చుకోవడం తేలిక?

నిజం చెప్పాలంటే దీనికి ఒక్క జవాబు లేదు. గదులు మారే కొద్దీ గాలి మారాలంటే ఫ్లోరును చిన్న చిన్న జోన్లుగా విడగొట్టాలి, ప్రతి జోనుకూ విడిగా కంట్రోల్ ఉండాలి. పోచారంలో ఇన్ఫోసిస్ వాళ్లు ఒక మంచి ప్రయోగం చేశారు. ఎస్‌డీబీ-1 అనే ఒకే బిల్డింగ్‌ను రెండు సమాన భాగాలుగా కట్టి, ఒక సగానికి మామూలు డక్టు ఏసీ, ఇంకో సగానికి స్లాబులోనే చల్లటి నీళ్ల పైపులు పెట్టారు. రెండేళ్లు కొలిచి చూస్తే పైపుల సగం మూడోవంతుకు పైగా తక్కువ కరెంటు తీసుకుంది. చాలా బాగుంది. పెద్ద డక్టులు తగ్గుతాయి, పార్టిషన్ జరిపినా చల్లదనం పైనుంచి వస్తూనే ఉంటుంది.

కానీ ఇందాక నేనే చెప్పాను, పదిహేనేళ్ల వస్తువును యాభై ఏళ్ల వస్తువులో పాతిపెట్టొద్దని. స్లాబులో నీళ్ల పైపులుంటే సీలింగుకు ఒక మేకు కొట్టాలన్నా ఆలోచించాలి. సొంత క్యాంపస్‌లో, సొంత మెయింటెనెన్స్ టీమ్ ఉన్నవాళ్లకు సరే. నాలుగేళ్లకో కంపెనీ మారే అద్దె బిల్డింగ్‌లో, ఎవడో కాంట్రాక్టరు డ్రిల్లు పట్టుకుని వచ్చే చోట, నేనైతే వద్దంటాను.

ఇంకోటి. రూము కొత్తగా కట్టిన ప్రతిసారీ ఏసీ గురించి అడుగుతారు గానీ స్ప్రింక్లర్ గురించి అడగరు. గోడ పెట్టగానే పాత స్ప్రింక్లర్ నీళ్లు కొత్త రూములోకి రావు. కొత్త పాయింటు కావాలి, స్మోక్ డిటెక్టర్ కావాలి. ఫోన్ బూత్ పేరుతో వచ్చే చిన్న డబ్బాలకూ ఈ ప్రశ్న వేసుకోండి.

లేపిన ఫ్లోరు కావాలా, సీలింగు నుంచి వైర్లు దింపితే చాలదా?

బల్లలు తరచుగా జరిగే ఆఫీసైతే కావాలి. 600 మిల్లీమీటర్ల పలకలు, కింద 150 ఖాళీ, ఎత్తితే కేబులు చేతికొస్తుంది. జరగని ఆఫీసైతే దండగ.

హైబ్రిడ్ (కొన్ని రోజులు ఇంటి నుంచి, కొన్ని రోజులు ఆఫీసులో పని) వచ్చాక సీట్లు తగ్గించాలా?

2020 మార్చి తర్వాత అందరూ ఇదే అడిగారు. కొంతమంది బిల్డింగే వద్దన్నారు, ఇప్పుడు వాళ్లే ఫ్లోర్లు వెతుకుతున్నారు. సీట్లు కొంత తగ్గినా చదరపు అడుగులు అంతగా తగ్గవు, ఎందుకంటే ఆఫీసుకు వచ్చిన రోజు ఒకటి మాట్లాడుకోవడానికి వస్తారు, రెండు ఇంట్లో ఉన్నవాళ్లతో వీడియో కాల్‌లో ఉంటారు. పెద్ద బోర్డు రూము ఖాళీగా ఉంటుంది, ఇద్దరు కూర్చునే రూముల కోసం తన్నుకుంటారు, దొరక్క మెట్ల దగ్గర నిలబడి క్లయింటుతో మాట్లాడుతుంటారు.

అందుకని చిన్న రూములు ఎక్కువ కట్టండి, పార్టిషన్‌ను ఫాల్స్ సీలింగు దగ్గర ఆపకుండా పై స్లాబు దాకా తీసుకెళ్లండి. సీలింగు మీద నుంచి శబ్దం దూకేస్తుంది, జీతాల పెంపు గురించి హెచ్ఆర్ రూములో మాట్లాడితే పక్క రూముకు ముందు తెలుస్తుంది. సర్వర్ రూము మాత్రం చిన్నది చేయండి. పాత ఆఫీసుల్లో పెద్ద సర్వర్ రూములు, అంతా క్లౌడ్‌కి వెళ్లిపోయాక, విరిగిన కుర్చీలు దాచుకునే గదులయ్యాయి.

అందరూ మంగళ, బుధ, గురువారాల్లోనే వస్తే? అదే అవుతోంది. లిఫ్టులు, క్యాంటీన్, బాత్రూములు ఆ మూడు రోజుల రద్దీకి చాలాలి. సగటు చూసి డిజైన్ చేస్తే బుధవారం మధ్యాహ్నం లంచ్ బాక్స్ పట్టుకుని నిలబడాలి.

సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) బిల్డింగ్ మాది. రూల్స్ మారాయంటున్నారు, మాకేమైనా పనికొస్తుందా?

పని మారినట్టే చట్టాలు కూడా మారుతాయి, బిల్డింగ్ దానికీ తట్టుకోవాలి. పన్ను రాయితీల గడువు ముగిశాక ఐటీ సెజ్‌లలో చాలా ఫ్లోర్లు ఖాళీ అయ్యాయి, మామూలు కంపెనీలకు ఇవ్వడానికి అప్పట్లో వీల్లేదు. 2023 డిసెంబర్‌లో కేంద్రం ఫ్లోరు వారీగా సెజ్ నుంచి విడదీసుకునే వీలు కల్పించింది, అయితే మొత్తం ఫ్లోరే తీయాలి, ఫ్లోరులో ముక్క తీయడం కుదరదు. రాకపోకల నియంత్రణ కూడా ఉండాలి.

ఇప్పుడు చూడండి, ఫ్లోరు ఫ్లోరుకూ విడి మీటరు, లిఫ్టుల్లో విడి గుంపులు, లాబీని రెండుగా పంచే వీలు ఉన్నవాళ్లకు పని సులువు. అన్నీ కలిపి ముద్ద చేసి కట్టినవాళ్లకు పగలగొట్టే పని. కట్టే రోజున ఈ రూలును ఎవరూ ఊహించలేదు. ఊహించనక్కర్లేదు కూడా, విడిపోవడానికి వీలుగా కడితే చాలు.

ఎండీ గారి క్యాబిన్ నైరుతిలోనే ఉండాలంటారు. వాస్తుకూ ఫ్లెక్సిబిలిటీకీ ఎలా కుదురుతుంది?

గొడవ పడకండి, ఓడిపోతారు. నేను చేసేది ఇది: కోర్‌ను, బాత్రూములను ఈశాన్యంలో పెట్టను, నైరుతి మూలలో ఎవరైనా క్యాబిన్ కట్టుకునేలా అద్దం ఫ్రేములూ ఏసీ జోనూ అక్కడ చిన్నవిగా వదులుతాను. ఏ కంపెనీ వచ్చినా ఎండీ వెళ్లి ఆ మూలే కూర్చుంటాడు. నైరుతికి మధ్యాహ్నం ఎండ దంచుతుంది కాబట్టి అక్కడ నీడ పట్టీలు మాత్రం మర్చిపోవద్దు, లేకపోతే ఆయన రోజంతా బ్లైండ్స్ దించుకుని లైట్లేసుకుని కూర్చుంటాడు.

ఇదంతా కొత్త ఫ్యాషనా?

కాదు. 1950ల చివర్లోనే జర్మనీలో క్విక్‌బోర్నర్ టీమ్ వాళ్లు గోడలు తీసేసి, మొక్కల మధ్య బల్లలు చెల్లాచెదురుగా పెట్టి ఆఫీసులు చేశారు. అమెరికాలో హెర్మన్ మిల్లర్ కంపెనీలో రాబర్ట్ ప్రాప్స్ట్ 1960ల్లో యాక్షన్ ఆఫీస్ అని ఇష్టం వచ్చినట్టు అమర్చుకునే పలకలు తయారుచేశాడు. మనుషులకు స్వేచ్ఛ ఇద్దామనుకున్నాడు. కంపెనీలు అవే పలకల్ని దగ్గరగా బిగించి క్యూబికల్స్ చేశాయి.

నాకు బాగా నచ్చేది లండన్‌లోని లాయిడ్స్ బిల్డింగ్, రిచర్డ్ రోజర్స్ చేసింది, 1986లో తెరిచారు. లిఫ్టులు, పైపులు, మెట్లు, బాత్రూములు అన్నీ బయట తగిలించాడు, పాడైతే పీకి కొత్తవి పెట్టుకోండి, లోపల ఫ్లోరంతా మీదే అని. 2011లో దాన్ని గ్రేడ్ 1 వారసత్వ కట్టడంగా ప్రకటించారు. మార్చుకోవడానికే కట్టిన బిల్డింగ్‌లో ఇప్పుడు మార్చాలంటే పర్మిషన్ కావాలి. ఎప్పుడు గుర్తొచ్చినా నవ్వొస్తుంది.

పార్కింగ్ రేపు తగ్గుతుందంటారా?

2019లో మెట్రో రాయదుర్గం దాకా వచ్చినా కార్లు తగ్గినట్టు నాకైతే కనిపించలేదు. అయినా పోడియం పార్కింగ్ (ఆఫీసు ఫ్లోర్ల కింద ఉండే పార్కింగ్ ఫ్లోర్లు)లో కనీసం ఒక ఫ్లోరునైనా వాలు లేకుండా, 3.6 మీటర్ల ఎత్తుతో కట్టండి, ర్యాంపు పక్కకు విడిగా పెట్టండి. క్యాంటీనో, గోడౌనో అవుతుంది. 2.4 మీటర్ల ఎత్తున్న వాలు ఫ్లోరు ఎప్పటికీ పార్కింగే.

అదనంగా ఎంత ఖర్చవుతుంది?

శాతం చెప్పమంటారు, చెప్పను, స్థలాన్ని బట్టి మారుతుంది. డబ్బు అసలు అక్కర్లేనివి కొన్ని: స్లాబులో వదిలే గడి, అద్దం ఫ్రేముల దూరం, బాత్రూముల తడి గోడ. డబ్బు అడిగేవి ఎత్తు, మెట్లు, షాఫ్టులో వదిలే ఖాళీ. ఈ మూడిట్లో షాఫ్టు ఖాళీని ముందు కోసేస్తారు, ఎందుకంటే ప్లాన్ మీద అది వృథాగా కనిపిస్తుంది. నాలుగో వంతు ఖాళీగా వదలమని నేను అడుగుతాను, ఓనరు పదో వంతు ఇస్తాడు. కోసుకోవాలంటే లాబీలో ఇటాలియన్ మార్బుల్ కోసుకోండి, ఐదేళ్లకు వచ్చే కొత్త కంపెనీ ఎలాగూ దాన్ని మార్చమంటుంది.

మాది పదిహేనేళ్ల పాత బిల్డింగ్. ఇప్పుడేం చేయగలం?

ముందు అసలు ఎలా కట్టారో చూపించే చివరి డ్రాయింగులు వెతకండి. చాలామంది దగ్గర పర్మిషన్‌కి ఇచ్చిన డ్రాయింగులే ఉంటాయి, సైటులో మార్చినవి ఎక్కడా రాసి ఉండవు. అవి దొరక్కపోతే ఒక ఇంజనీరును పెట్టి స్తంభాలు, బీములు, షాఫ్టులు, ఏ పైపు ఎక్కడికి పోతోందో మొత్తం కొలిపించండి. ఏసీ మిషన్లు ఎలాగూ మార్చే వయసుకు వచ్చాయి, మార్చేటప్పుడే జోన్లు చిన్నవి చేయండి. వాడని పాత కేబుళ్లు పీకించండి, షాఫ్టులో చోటు దానంతటదే దొరుకుతుంది. ఒక పాత బిల్డింగ్‌లో షాఫ్టు నిండిపోయింది, కొత్తది కట్టాలని పిలిస్తే వెళ్లాం. తలుపు తీసి చూస్తే నిండా ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయిన కంపెనీల వైర్లే. రెండు రోజులు పీకి బయటపడేశాం, కొత్త షాఫ్టు అక్కర్లేకపోయింది, మా ఫీజు కూడా పోయింది.